వైద్య రిపోర్టును ఏఐతో తేలిక భాషలో చెప్పించుకోవడం ఎలా?

రక్తపరీక్ష రిపోర్టయినా, స్కానింగ్ రిపోర్టయినా వైద్యుడి కోసం రాసేదే కనుక రోగికి ఒక పట్టాన కొరుకుడు పడదు. చాట్‌జీపీటీ, జెమినీ వంటి ఏఐ సాధనాలు దాన్ని తేట తెలుగులో చెప్పగలవు. అయితే వాటిచేత చెప్పించవలసింది రిపోర్టులో ఉన్న విషయాన్నే గానీ, రోగ నిర్ధారణను కాదు. రిపోర్టులో ఏ విలువ పక్కనైనా ‘క్రిటికల్’ అని ఉంటే మాత్రం ఇవేవీ పెట్టుకోకుండా వెంటనే వైద్యుడికి ఫోన్ చేయాలి.

ముందుగా పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఆసుపత్రి నంబరు, బార్‌కోడ్ తొలగించాలి. వయసు, ఆడా మగా అన్నది ఉంచాలి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే కొలత) వంటి వాటిని ఆ వివరాలు లేకుండా అంచనా వేయలేం. ఫొటో మసకగా ఉండి దశాంశ బిందువు కనబడకపోతే 1.2 ఉన్న క్రియాటినిన్ కాస్తా 12 అయి కూర్చుంటుంది కాబట్టి, కాస్త ఓపిక చేసుకుని అంకెలను యూనిట్లతో సహా టైపు చేయడమే మేలు.

అడగడం ఇలా ఉండాలి: “ఈ రిపోర్టును వైద్యం తెలియనివారికి అర్థమయ్యేలా వివరించు. అంకెలను, యూనిట్లను మార్చవద్దు. ప్రతి వివరణ కింద దానికి ఆధారమైన వాక్యాన్ని రిపోర్టులో ఉన్నది ఉన్నట్టుగా చూపించు. రిపోర్టులో లేని జబ్బు పేరు ఎత్తవద్దు.”

అసలు పని జవాబు వచ్చాకే మొదలవుతుంది. రిపోర్టును పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూడాలి. కుడి ఊపిరితిత్తి ఎడమది కాలేదు కదా, ‘న్యుమోనియా ఆనవాళ్లు లేవు’ అన్నచోట ‘లేవు’ ఎగిరిపోలేదు కదా, రేడియాలజిస్టు (స్కానింగ్ చూసి రిపోర్టు రాసే వైద్యుడు) ‘ఉండవచ్చు’ అని ఆచితూచి రాసినది ‘ఉంది’గా మారలేదు కదా అని చూడాలి. చదవడానికి ఎంత సాఫీగా ఉంటే అంత అనుమానంగా చూడడం మంచిది, ఎందుకంటే తప్పు కూడా అంతే సాఫీగా ఉంటుంది.

అంకెల విషయంలో ఏఐ అనవసరంగా భయపెట్టే అవకాశమూ ఉంది. చాలా పరీక్షల్లో సాధారణ పరిమితిని ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఫలితాలు ఇమిడేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి ఐదుగురి ఫలితం గీత దాటుతుంది. రెండు మూడు నెలల సగటు రక్త చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారన్నది నిజమే అయినా, లక్షణాలు లేనప్పుడు మరో పరీక్షతో ధ్రువపరచుకోవడం రివాజు.

చివరగా, “ఈ రిపోర్టు గురించి వైద్యుడిని అడగదగిన మూడు ప్రశ్నలు రాసివ్వు” అని అడిగి, ఆ కాగితాన్ని, అసలు రిపోర్టును, పాత రిపోర్టులుంటే వాటిని కూడా వెంట తీసుకువెళ్లాలి. ఆ సంప్రదింపు జరిగేవరకు ఏ మందూ మానకూడదు, మోతాదు మార్చకూడదు.