కుక్కకి హార్ట్ ఫెయిల్యూర్ అన్నారా? ఇంట్లో మందులు ఎలా వేయాలంటే

ఎక్స్‌రే, ఎకో (గుండె స్కాన్) చూసి డాక్టర్ గారు గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అని చెప్పి మూడు నాలుగు మందులు రాసిస్తారు, ఇంటికొచ్చాక ఏది ఎప్పుడు వేయాలో తెలీక తల తిరిగిపోతుంది. ఈ జబ్బు పూర్తిగా నయమవదు నిజమే, కానీ మందులు టైమ్‌కి పడితే చాలా కుక్కలు నెలల తరబడి, కొన్నైతే ఏడాది దాటి కూడా చక్కగా తింటూ తిరుగుతాయి.

1. ఏ మందు దేనికో తెలుసుకోండి
పిమోబెండాన్ గుండె గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, రక్తనాళాల్ని కాస్త వదులు చేస్తుంది. ఫ్యూరోసెమైడ్, అదే మనం లాసిక్స్ అనేది, ఊపిరితిత్తుల్లో నీటిని యూరిన్ ద్వారా బయటకి పంపేస్తుంది. వీటికి తోడు గుండె మీద భారం తగ్గించే ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్, స్పైరోనోలాక్టోన్ కూడా రాస్తుంటారు. డోసు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి పక్కింటి లాబ్రడార్ డోసు మీ పామరేనియన్‌కి అస్సలు వేయొద్దు.

2. టైమ్ ఫిక్స్ చేసుకోండి
పిమోబెండాన్ 12 గంటలకి ఒకసారి, ఖాళీ కడుపుతో, తిండికి గంట ముందు. పొద్దున 7కి వేస్తే రాత్రి 7కి. లాసిక్స్ వేశాక గంటలోపే యూరిన్ మొదలై కొన్ని గంటలు వస్తూనే ఉంటుంది, అందుకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు పడుకునే ముందు కాకుండా కిందకి తీసుకెళ్లగలిగే టైమ్ చూసి డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఎక్కువ పోస్తోంది కదా అని నీళ్లు తగ్గించడం ప్రమాదం. ఒక డోసు మర్చిపోతే తర్వాతిసారి డబుల్ వేయకండి.

3. రోజూ ఊపిరి లెక్కపెట్టండి
అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, మందు పనిచేస్తోందో లేదో మీకు ఇంట్లో తెలిసేది దీంతోనే. కుక్క బాగా నిద్రపోయాక పక్కన కూర్చుని ఫోన్‌లో 30 సెకన్లు టైమర్ పెట్టండి, ఛాతీ లేచి దిగితే ఒకటి, వచ్చిన నంబర్‌ని రెండుతో గుణించి క్యాలెండర్ మీద రాసేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే మామూలు. 30 దాటితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి, అప్పటికీ దిగకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. మే నెలలో కరెంట్ పోయిన రాత్రి ఉక్కపోతకి కూడా పెరుగుతుంది కాబట్టి గది చల్లబడ్డాక చూడండి. ఇలా పెరిగితే అదనంగా లాసిక్స్ వేయొచ్చా, వేస్తే ఎంత అన్నది ముందే డాక్టర్‌తో రాయించి పెట్టుకోండి, మనంతట మనం పెంచకూడదు, తగ్గించకూడదు, బాగుంది కదా అని ఆపకూడదు.

4. రక్తపరీక్ష మానకండి
మందులు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో కిడ్నీ, పొటాషియం టెస్టులు చేయిస్తారు, తర్వాత డాక్టర్ చెప్పిన గ్యాప్‌లో మళ్లీ. తిండి మానేసినా, వాంతులైనా, బాగా నీరసించినా లాసిక్స్ వల్ల ఒళ్లు ఎండిపోయి ఉండొచ్చు, ఆగకుండా ఫోన్ చేయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఆస్పత్రి ఉంది, ఎక్కడికెళ్లినా పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్‌లో తీసుకెళ్లండి.

5. ఇవ్వకూడనివి
కాళ్ల నొప్పులని మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అస్సలు వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఉప్పు కూడా తగ్గాలి: బిర్యానీ ముక్కలు, అప్పడం, చిప్స్, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ అన్నీ బంద్. లాసిక్స్ మాత్ర తినకపోతే ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్కలో పెట్టి ఇవ్వొచ్చు.

6. ఇలా ఉంటే పరిగెత్తాలి
నోరు తెరిచి ఆయాసపడటం, మోచేతులు బయటకి పెట్టి మెడ చాచి కూర్చోవడం, పడుకోలేకపోవడం, చిగుళ్లు నీలంగానో తెల్లగానో మారడం, కళ్లు తిరిగి పడిపోవడం. అప్పుడు నోట్లో మాత్ర, నీళ్లు బలవంతంగా పోయకండి, నడిపించకండి, ఎత్తుకుని ఏసీ వేసిన కార్లో ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. దార్లోనే ఫోన్ చేసి చెప్తే వాళ్లు రెడీగా ఉంటారు. రాత్రి తెరిచుండేది ఏదో ఈరోజే కనుక్కుని నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయండి, పిమోబెండాన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు కాబట్టి స్ట్రిప్ అయిపోవడానికి వారం ముందే తెప్పించుకోండి.