గట్టు మీద గుర్తులు, మూడో పాఠం: ఎవరు కొరికారు?

పోయిన పాఠంలో బురదలో పడ్డ అడుగులు చూడటం మొదలుపెట్టాం కదా, ఈసారి తిని వదిలేసిన తిండి చూద్దాం. కోనసీమలో ఉన్నవాళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఒక్క గట్టుకే అటు వరి, ఇటు కొబ్బరి, పక్కన పంటకాలవ.

ముందు చేలోకి దిగండి. పడిపోయిన దుబ్బు దగ్గర కూర్చుని కాడ తెగిన చోటు చూడండి. మొదలు దగ్గర ఏటవాలుగా, నున్నగా తెగితే ఎలుక పని. కంకి తెల్లబోయి నిలబడే ఉండి, పట్టుకు లాగగానే ఊడొచ్చేస్తే అది కాండం తొలుచు పురుగు. ఈ రెండూ తేడా చూడకుండా మందు కొట్టేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, డబ్బూ పోతుంది, చేనూ దక్కదు.

ఎలుక కోత అంత నున్నగా ఎలా వస్తుందంటే, దాని ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. పంటికి ముందువైపు మాత్రమే గట్టి ఎనామిల్ ఉంటుంది, వెనకవైపు అంత గట్టిది కాదు, అందుకని కొరికేకొద్దీ వెనక తొందరగా అరిగిపోయి ముందు అంచు ఉలిలా పదునుగా మిగులుతుంది. తోటలో రాలిన లేత బొండం ఒకటి తీసుకుని తొడిమ దగ్గర కన్నం ఉందేమో చూడండి. ఉంటే ఎండకి ఏటవాలుగా పట్టుకుని అంచు మీద వేలితో తడమండి, జంటజంటగా సన్నటి గాడులు తగులుతాయి. ఉడతకీ ఇలాంటి పళ్ళే, కాబట్టి గాడి చూసి ఎలుకా ఉడతా అన్నది అప్పుడే తేల్చెయ్యకండి. ఎలుక ఎక్కకుండా కొబ్బరిచెట్టుకి రేకు చుట్టేది కూడా దాని గోళ్ళకి పట్టు దొరక్కుండానే (పక్కచెట్టు మట్టలు తగులుతుంటే మాత్రం రేకు చుట్టీ లాభం లేదు, ఆ దారినే దాటేస్తుంది).

ఇక కాలవ గట్టు, ఇక్కడ ముందు పిల్లిజాతి గుర్తులు చూద్దాం. పిల్లిజాతి దవడ పక్కలకి కదలదు, కోరపళ్ళతో పట్టి, బుగ్గపళ్ళతో ముక్కలు కోసి మింగేస్తుంది, నమలడం అంటూ పెద్దగా ఉండదు. అందుకే అక్కడ పళ్ళ గుర్తు కన్నా గోటి గుర్తు వెతకాలి. కోరింగ మడ అడవుల్లో ఉండే ఫిషింగ్ క్యాట్‌కి (చేపలు పట్టి తినే అడవిపిల్లి) గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, మెత్తటి బురదలో నాలుగు వేళ్ళ ముందు మొనలు పడొచ్చు. ఊరపిల్లి నడకలో అవి కనబడవు. కుక్కకీ నాలుగు వేళ్ళు, గోళ్ళూ పడతాయి కానీ అడుగు కాస్త పొడుగు, పిల్లిది గుండ్రం. అయిదు వేళ్ళు, వేళ్ళ మధ్య చర్మం గుర్తు, అలాంటి అడుగులు గుంపుగా ఉండి, దగ్గర్లో చేపపొలుసులూ ముళ్ళూ నిండిన మలం కనబడితే నీటికుక్కలు తిరిగాయన్నమాట.

ఈ వారం పని: సాయంత్రం గట్టు మీద బొరియలన్నీ మట్టితో మూసెయ్యండి, పొద్దున్నే వెళ్ళి ఏవి తెరుచుకున్నాయో చూసి, కొత్తమట్టి మీద గోళ్ళ గీతలు ఎలా ఉన్నాయో పుస్తకంలో గీసుకోండి. చెయ్యి మాత్రం లోపల పెట్టకండి, ఎలుక కోసం పామూ అదే కన్నంలో దూరుతుంది.