జాంజిబార్ టికెట్ కొనే ముందు తిథి చూడండి

విశాఖ వాళ్లకు బీచ్ అంటే ఆర్కే బీచ్, లేదా రుషికొండ. ఇక్కడ ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు. ఏ వేళకు వెళ్లినా నీళ్లు అక్కడే ఉంటాయి, భయమల్లా లోపలికి లాగేసే అలలతోనే. ఆఫ్రికా తూర్పు తీరంలో టాంజానియాకు చెందిన దీవి జాంజిబార్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటుపోట్ల తేడా నాలుగు మీటర్ల దాకా వస్తుంది. తూర్పు తీరంలో పాజే, జాంబియానీ ఊళ్ల ముందు నేల బల్లపరుపుగా ఉండటంతో ఆటు వేళకు సముద్రం పగడపు దిబ్బ వైపు చాలా దూరం వెళ్లిపోతుంది. నీలం నీళ్ల ఫొటో చూసి గది తీసుకున్నవాళ్లకు పొద్దున్నే తడి ఇసుక, నాచు, పీతలు కనిపిస్తాయి.

ఈతే ముఖ్యమైతే ఉత్తరాన నుంగ్వీ గానీ కెండ్వా గానీ ఎంచుకోండి. అక్కడ ఒడ్డు త్వరగా లోతవుతుంది కాబట్టి ఆటులోనూ ఈదొచ్చు. తూర్పు తీరమే కావాలంటే గోడమీది తెలుగు క్యాలెండర్ తీయండి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటు ఉదయం పది ప్రాంతంలో, పోటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో పడుతుంది. రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ అష్టమి నాటికి ఉదయం పదికి పోటు వస్తుంది. ఈతకు అష్టమి వారం, దిబ్బ దాకా నడవడానికి పౌర్ణమి వారం మేలు. కచ్చితమైన నిమిషాలకు మాత్రం అక్కడి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూడాల్సిందే.

ఆ నడకలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి హవాయి చెప్పులతో దిగడం. రాళ్ల సందుల్లో ముళ్ల బంతుల్లాంటి నల్లటి జీవులు, సీ అర్చిన్లు ఉంటాయి, వాటి ముల్లు దిగితే లోపలే విరుగుతుంది. మడమ దాకా కప్పే రబ్బరు బూట్లు ఇక్కడే కొనుక్కెళ్లండి. రెండోది, ఆటు పూర్తయ్యాక బయలుదేరడం. నీళ్లు ఇంకా తగ్గుతుండగానే వెళ్లి, తిరిగి పెరగడం మొదలవక ముందే వెనక్కి మళ్లాలి. పోటు ముందు నుంచే కాదు, పల్లాల మీదుగా వెనక నుంచీ చుట్టేస్తుంది. కర్రలకు తాళ్లు కట్టి ఉన్నచోట అడుగు పెట్టకండి, అవి ఊరి ఆడవాళ్లు పెంచే సముద్రపు నాచు మళ్లు.

ఎప్పుడు వెళ్లాలి? మన పిల్లల ఏప్రిల్, మే సెలవులు అక్కడి పెద్ద వానలతో కలుస్తాయి. ఆ వానల్ని ‘మసికా’ అంటారు, మార్చి మధ్య నుంచి మే దాకా. చౌకగా దొరికే ప్యాకేజీల రహస్యం అదే. దసరా సెలవులు బాగా కుదురుతాయి. సంక్రాంతికీ వెళ్లొచ్చు, కాకపోతే ఉక్క ఉంటుంది.

టాంజానియా ఈ-వీసా 50 డాలర్లు. 2024 అక్టోబరు నుంచి జాంజిబార్‌కు ప్రత్యేక బీమా తప్పనిసరి, పెద్దలకు 44 డాలర్లు. మన దగ్గర కొన్న ట్రావెల్ పాలసీ దీనికి బదులు చెల్లదు. విమానం అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ఆ దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులకు అక్కడ నిషేధం. పచ్చళ్లు, పొడులు గుడ్డసంచిలో సర్దండి. ప్లగ్గులు చదరపు మూడు పిన్నులవి, అడాప్టర్ ఉండాలి. జాంజిబార్ పాత నగరం స్టోన్ టౌన్ వీధుల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవడం మర్యాద.

పడవ మాట్లాడుకునేటప్పుడు ఇంకో చిక్కు. అక్కడి భాష స్వాహిలీలో పగటి గంటలు సూర్యోదయం నుంచి లెక్క, ‘సా మ్‌బిలీ’ అంటే మాటకు రెండు గంటలు, మన వాచీలో ఉదయం ఎనిమిది. బేరం కుదిరాక వాచీ చూపించి, ముల్లు ఎక్కడుండాలో వేలు పెట్టి చూపమనండి.