దసరా నాడు చుట్టాలు చెప్పకుండా వస్తే మటన్ కూర అందరికీ ఎలా సరిపెట్టాలి?

దసరా సాయంత్రం మా వరంగల్, హనుమకొండ వైపు ఎవరూ ఫోన్ చేసి రారు. జమ్మి పెట్టడానికి వస్తారు. చేతిలో నాలుగు ఆకులు పెట్టి "బంగారం తీసుకో చిన్నమ్మా" అని కాళ్లు మొక్కుతారు. ఉర్సుగుట్ట రంగలీల మైదానంలో రావణవధ చూడటానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తిరుగు దారిలో మన గడప తొక్కుతారు. ఎనిమిది మందికని వండుకుంటే పదిహేను మంది తేలుతారు. పండుగ పూట ఇంటికొచ్చినవాళ్లను తినకుండా పంపడం మన దగ్గర లేదు, పంపకూడదు కూడా.

అయితే చాలా ఇళ్లలో ఈ సమయంలో చేయకూడనివన్నీ చేస్తారు. ఒకరు కూరలో చెంబెడు నీళ్లు పోస్తారు. ఇంకొకరు బిర్యానీ తేవడానికి బండి తీస్తారు. చివరికి పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు తొక్కు, పెరుగు కలుపుకొని తిని లేస్తారు. ఇవేవీ అక్కర్లేదు. రెండు కిలోల మటన్ పదిహేను మందికి చక్కగా సరిపోతుంది. కావలసిందల్లా వడ్డించడానికి ముందే పంచడం.

దగ్గర పెట్టుకోవాల్సినవి: మూత ఉన్న గంజులు (లోతైన వంట గిన్నెలు) రెండు, చిన్న గంటె ఒకటి, పావుకిలో శనగపప్పు, ఒక ఆనిగెపుకాయ (సొరకాయ), చింతపండు, ఉల్లిగడ్డలు, బియ్యప్పిండి. దసరా వారంలో ఇవి ఇంట్లో ఉంచుకోండి. గంటె చిన్నదే ఉండాలి. పెద్ద గంటెతో వడ్డిస్తే ఏ కూరా మిగలదు.

చుట్టాలు చెప్పులు విడుస్తుండగానే శనగపప్పు వేడినీళ్లలో నానబెట్టండి. మంచినీళ్లు ఇచ్చాక, సద్దుల బతుకమ్మకు చేసిన సత్తుపిండి, మలీద లడ్డూలు మిగిలి ఉంటే చిన్న ప్లేట్లలో మనిషికి ఇంత అని పెట్టి ఇవ్వండి. డబ్బా తెచ్చి మధ్యలో పెట్టొద్దు. డబ్బా మధ్యలో ఉంటే దగ్గర కూర్చున్న పిల్లలకే అన్నీ పోతాయి, మూలకు ఉన్న ముసలమ్మ చేతికి ఏమీ అందదు.

తరువాత సర్వప్ప తట్టండి. బియ్యప్పిండిలో నువ్వులు, దంచిన పల్లీలు, నానిన శనగపప్పు గుప్పెడు, కరివేపాకు, వెల్లుల్లి, కారం, ఉప్పు వేసి కలిపి, నూనె రాసిన గిన్నెలో పలుచగా తట్టి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాల్చాలి. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి చల్లారేలోపు ఇంకోటి కాలుతుంది. వేడి గిన్నెలో పిండి తట్టడం కుదరదు. ఒక్కో సర్వప్పను నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. దీంతో అరగంట గడుస్తుంది, ఆకలి కూడా కాస్త నెమ్మదిస్తుంది.

అన్నం లెక్క సులువు. మనిషికి 125 గ్రాముల బియ్యం. ఏడుగురు ఎక్కువైతే ఇంకో కిలో బియ్యంతో బగారా (మసాలా పోపు అన్నం) వేయండి. పాత సోనామసూరికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. పచ్చిపులుసుకు పొయ్యితో పెద్దగా పని లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి వేసి పోపు పెడితే చాలు.

ఇక కూర సంగతి.

నీళ్లు పోయకండి. ఉడికి దిగిన మటన్‌లో నీళ్లు పోస్తే ఉప్పు, కారం, మసాలా అన్నీ పలచబడి, పొద్దున పడ్డ కష్టమంతా పోతుంది. పోసినందువల్ల ఒక్క తునక కూడా పెరగదు. షేర్వా (కూరలోని పులుసు) మరీ తక్కువగా ఉంటే వేరే గిన్నెలో ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి, ఎండుకొబ్బరి పొడి, ఉప్పు, కారం వేసి, గ్లాసు వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మరగనిచ్చి అది కలపండి. ఆలుగడ్డ వేయకండి, అది ఉన్న షేర్వాను పీల్చేస్తుంది. ఉడికించిన గుడ్లు వేయడం కూడా నేను ఒప్పుకోను. ఒకరి కంచంలో తునకలు, పక్కవాళ్ల కంచంలో గుడ్డు పడితే ఎవరిని తక్కువ చూశారో ఇట్టే తెలిసిపోతుంది. ఆ మాట వచ్చే దసరా దాకా నడుస్తుంది.

దీనికి సరైన దారి దాల్చా. కూరలోంచి మాంసం తక్కువున్న బొక్కలు పది, పన్నెండు ఏరి పక్కన పెట్టండి. నానిన శనగపప్పు పసుపు వేసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమాట, ఆనిగెపుకాయ ముక్కలు మగ్గించి, పప్పు, బొక్కలు, చింతపండు రసం వేసి పావుగంట మరిగించండి. బొక్కల రుచి పప్పులోకి దిగుతుంది. బగారాలోకి ఇది ఉంటే మటన్ కూర కంచంలో కొంచెమే ఉన్నా వెలితి కనిపించదు. హోటల్ నుంచి బిర్యానీ తెప్పిస్తే వచ్చినవాళ్లకు "మీ కోసం ఇంట్లో ఏమీ లేదు" అని చెప్పినట్టే అవుతుంది. పైగా దసరా రాత్రి అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. దాల్చా గంటలోపు పొయ్యి దిగుతుంది.

ఇప్పుడు అసలు పని, ఎక్కువమంది పాడుచేసేది కూడా ఇదే. తునకలు లెక్కపెట్టాలి. అందరి ముందూ కాదు, వంటింట్లో తలుపు దగ్గరేసుకొని. మటన్ చిన్న తునకలు కొట్టిస్తే కిలోకు పాతిక నుంచి ముప్పై దాకా వస్తాయి. రెండు కిలోల్లో దాల్చాకు పోయిన బొక్కలు తీసేస్తే నలభై ఐదు అనుకోండి. పదిహేను మందికి తలా మూడు. ఈ పదిహేనులో వండినవాళ్లు కూడా ఉండాలి. వాళ్లను వదిలేసి లెక్క వేసే ఇళ్లే ఎక్కువ, నాకు మండేది అక్కడే. ఆడవాళ్లు త్యాగం చేస్తారులే అని ముందే అనుకొని కూర పంచడం న్యాయం కాదు. కార్జం (లివర్) ముక్కలు లెక్కలోకి తేకండి, అవి పళ్లు లేని పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు.

లెక్క అయ్యాక కూరను రెండు గంజుల్లోకి తీయండి, షేర్వాతో సహా. ఒకటి మొదటి బంతికి, ఒకటి రెండో బంతికి. రెండో గంజుకు మూత పెట్టి లోపలి గదిలో ఉంచండి. మొదటి బంతి లేచేదాకా అది బయటికి రాకూడదు. అల్లుడు అడిగినా, వియ్యంకులు అడిగినా రాకూడదు. వంటింట్లోనే ఉంచితే ఎవరో ఒకరు మొహమాటానికి మూత తీస్తారు.

వడ్డించే చెయ్యి ఒక్కటే ఉండాలి. ఇద్దరు ముగ్గురు వడ్డిస్తే ఒకరికి రెండుసార్లు పడుతుంది, ఇంకొకరికి అసలు పడదు. కొత్త కోడలికి ఈ పని అప్పగించొద్దు, ఆమె ఎవరికీ కాదనలేదు. కుర్రాళ్లకూ ఇవ్వొద్దు, వాళ్లు గంజు వంచేస్తారు. ఇంట్లో అందరూ మాట వినే మేనత్తో పెద్దమ్మో ఉంటుంది, ఆమె చేతికి గంటె ఇవ్వండి. "ఇంకో తునక వేయాలా?" అని అసలు అడగకండి. మర్యాద తెలిసినవాళ్లు చాలు చాలు అంటారు, చొరవ ఉన్నవాళ్లు వేయమంటారు, అలా పంపకం తప్పిపోతుంది. అడగకుండా మూడు తునకలు వేసి, రెండోసారి వచ్చినప్పుడు "షేర్వా పోయాలా బావా, దాల్చా వేయాలా?" అని అడగండి. అవి ఎంత అడిగితే అంత వేయొచ్చు. మూలుగ బొక్క ఒకటో రెండో ఉంటాయి కాబట్టి అవి అందరికంటే పెద్దవాళ్లకే వేయండి. దాని మీద ఎవరూ గొడవ పడరు.

ఇంకో పెద్ద చిల్లు ఉంది. మేడ మీద మందు దగ్గర కూర్చున్నవాళ్లు మంచింగ్‌కని ఒక గిన్నె కూర పైకి పంపమంటారు. పంపకండి. భోజనాలకు ముందే పావు వంతు అక్కడ ఖర్చయిపోతుంది, వాళ్లే మళ్లీ కిందికొచ్చి బంతిలో కూర్చుంటారు. వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ, పోపు పెట్టిన గుడాలు (ఉడికించిన గింజలు) పంపండి. బొబ్బర్లయితే నానబెట్టకపోయినా కుక్కర్లో ఇంకో రెండు మూడు విజిల్స్ ఎక్కువ పెడితే ఉడుకుతాయి.

తీపి సంగతి కూడా అంతే. గరిజెలు (కజ్జికాయలు) అందరికీ రావంటే అసలు బయటికి తీయకండి. సగానికి విరిస్తే లోపలి పొడి అంతా రాలుతుంది. లీటరు పాలలో కాస్త సేమ్యా, చక్కెర వేసి చిన్న గ్లాసుల్లో అందరికీ పోయండి.

వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, మలీద లడ్డూలు మిగిలితే పిల్లల చేతిలో పెట్టండి. కూర మాత్రం ఎవరికీ డబ్బాలో కట్టివ్వకండి. రెండో బంతి ఇంకా తినలేదు.