వృద్ధుల రోగనిరోధక వ్యవస్థపై పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం): అమెరికా ల్యాబ్‌కి కొత్తగా వచ్చేవారికి సూచనలు

మనుషుల రక్తంతో పనిచేసే ల్యాబ్‌లో చేరిన రోజే పని మొదలవదు. ఎథిక్స్ ప్రోటోకాల్‌లో (మనుషులపై పరిశోధనకు అనుమతి పొందిన పత్రంలో) మీ పేరు చేరాలి, శిక్షణలు పూర్తవాలి, ఆరోగ్య పరీక్షల కాగితాలు అందాలి. అంతవరకు వలంటీరు రక్తపు ట్యూబు ముట్టుకోకూడదు. దీనికి వారాలు పడుతుంది. కాబట్టి ఏది ఆలస్యమయ్యే పనో దాన్నే ముందు మొదలుపెట్టండి, వీలైతే ఇంకా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే.

బయలుదేరక ముందు

ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, హెపటైటిస్ బి మూడు డోసులు వేయించుకున్నట్టు రాతపూర్వక ఆధారం తెచ్చుకోండి. చిన్నప్పటి కార్డు దొరక్కపోతే యాంటీబాడీ పరీక్ష చేయించండి. హెపటైటిస్ బి యాంటీబాడీ లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లు, ఆపైన ఉంటే చాలు. రక్తంతో పనిచేసేవారికి పని అప్పగించిన 10 పనిదినాల లోపు ఈ టీకా ఉచితంగా ఇవ్వజూపాలని అమెరికా చట్టం చెబుతుంది. కానీ మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది కదా, భారత్‌లోనే ముగించుకుని రావడం నయం.

క్షయ పరీక్ష దగ్గర మనవాళ్లు తరచూ ఇరుక్కుంటారు. పుట్టగానే వేసిన బీసీజీ వల్ల చర్మ పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు. ఆపైన ఎక్స్‌రేలు, ప్రశ్నలు, ఆలస్యం. అందుకని మొదటే క్వాంటిఫెరాన్ వంటి రక్తపరీక్ష అడగండి. అది గుర్తించే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రొటీన్లు బీసీజీ టీకాలో ఉండవు కాబట్టి పాత టీకా దాన్ని తప్పుదారి పట్టించదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద మీ పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పాస్‌పోర్టు, డీఎస్-2019 (జె-1 వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం), జీతం కాగితాలు, సోషల్ సెక్యూరిటీ కార్డు అన్నింటిలో పేరు ఒకేలా ఉండాలి. మార్పులుంటే ఇప్పుడే చేయించుకోండి. పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ కూడా అంతే. వైవా కాకుండా పోస్ట్‌డాక్‌గా చేర్చుకోవడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు. కాన్సులేట్ ఇంటర్వ్యూకి ఒక పేజీ పరిశోధన సారాంశం, సీవీ పట్టుకెళ్లండి. బయాలజీ వాళ్లకు అదనపు పరిశీలన పడితే అడిగేవి ఇవే.

జె-1 లెక్కలు

పోస్ట్‌డాక్‌లు ఎక్కువగా వచ్చే వీసా, రీసెర్చ్ స్కాలర్ జె-1, గరిష్ఠంగా అయిదేళ్లు. మధ్యలో ఆపేసి వెళ్లిపోతే, అది ఆరు నెలలే అయినా సరే, మళ్లీ అదే కేటగిరీలో రావడానికి 24 నెలలు ఆగాలి. ల్యాబ్ మారాలనుకుంటే ప్రోగ్రాం ముగించకుండా ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి. 2024 డిసెంబరులో భారత్‌ను స్కిల్స్ లిస్ట్ (ఏ దేశాల, ఏ రంగాలవారు వీసా తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలో చెప్పే జాబితా) నుంచి తీసేశారు. అయినా ప్రభుత్వ నిధులతో వచ్చినవారికి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన వర్తించవచ్చు. డీఎస్-2019 మీదా వీసా స్టాంపు మీదా ఏం రాశారో చూసుకోండి.

దిగగానే విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యాలయంలో నమోదు చేసుకోండి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 30 రోజుల్లో సెవిస్‌లో (విదేశీ విద్యార్థులు, స్కాలర్ల ప్రభుత్వ డేటాబేస్‌లో) మీ రికార్డు ధ్రువీకరణ కావాలి. అది అయ్యాకే సోషల్ సెక్యూరిటీ నంబరుకు వెళ్లండి. వచ్చి కనీసం 10 రోజులు కాకుండా వెళితే వ్యవస్థలో మీ వివరాలు దొరక్క వెనక్కి పంపుతారు. జె-1కి బీమా తప్పనిసరి: ఒక్కో జబ్బుకు లక్ష డాలర్లు, వైద్య తరలింపుకు 50,000, మృతదేహం స్వదేశానికి పంపడానికి 25,000. చివరి రెండూ విశ్వవిద్యాలయ ప్లాన్‌లో లేకపోతే విడిగా కొనాలి.

పన్ను విషయం నిదానంగా చదవండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే వేల డాలర్లు పోతాయి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయంలో పరిశోధనకు వచ్చినవారు ఫారం 8233 ఇచ్చి, రెండేళ్ల వరకు జీతం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు పొందవచ్చు. కానీ మీ బస రెండేళ్లు దాటితే, రెండు దేశాల అధికారులు వేరుగా ఒప్పుకుంటే తప్ప, మినహాయింపు మొదటి రోజు నుంచీ రద్దవుతుంది, వెనకటి పన్నంతా కట్టాలి. మూడేళ్లు ఉండే ఉద్దేశముంటే మినహాయింపు తీసుకోకపోవడం, లేదా ఆ డబ్బు ముట్టకుండా పక్కన పెట్టడం మంచిది. ఆసుపత్రికి అనుబంధమైన పరిశోధన సంస్థ అయితే అసలు వర్తిస్తుందో లేదో ముందే అడగండి. జె-1 మీద మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్‌గా లెక్క, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. డిసెంబరు 28న దిగితే ఆ నాలుగు రోజులూ ఒక సంవత్సరం కిందికే పోతాయి. జనవరిలో దిగితే ఆ కోత లేని కాలం దాదాపు ఏడాది పెరుగుతుంది.

ట్యూబు వెనక ఉన్న మనిషి

ఈ రంగంలో ఫలితాలు పాడయ్యేది ఎక్కువగా సీక్వెన్సర్ (జన్యుపదార్థం చదివే యంత్రం) దగ్గర కాదు, రక్తం తీసినప్పుడు రాసుకోని వివరాల దగ్గర. మొదటిది సైటోమెగలోవైరస్ (సీఎంవీ). ఈ వైరస్ ఉన్నవారిలో సీడీ28 కోల్పోయిన, సీడీ57 ఉన్న సీడీ8 టి కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే తెల్లరక్తకణాలు) పేరుకుపోతాయి; సీడీ, సీసీఆర్ అంకెలు కణాల మీది గుర్తు ప్రొటీన్ల పేర్లు. ఆ కణాలు చూసి ‘ముసలితనం లక్షణం’ అని రాసేస్తే మీరు కొలిచింది వయసును కాదు, వైరస్‌ను. భారత్‌లో దాదాపు పెద్దవాళ్లందరికీ ఇది ఉంటుంది కాబట్టి అక్కడి నమూనాలతో పనిచేసినవారికి ఈ తేడా కనబడి ఉండదు. అమెరికాలో 40 ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా జనానికి ఉంటుంది, మిగతావారికి ఉండదు. ప్రతి దాత దగ్గరా సీఎంవీ ఐజీజీ (యాంటీబాడీ) పరీక్ష చేయించండి. నైవ్ (ఇంకా ఏ సూక్ష్మజీవినీ ఎదుర్కోని) సీడీ8 కణాలు తగ్గడం మాత్రం వైరస్ లేనివారిలోనూ వయసుతోనే జరుగుతుంది. వాటిని లెక్కించేటప్పుడు సీడీ45ఆర్ఏ, సీసీఆర్7 మాత్రమే చూస్తే వాటిలాగే కనిపించే స్టెమ్ మెమరీ (జ్ఞాపక) కణాలు కలిసిపోతాయి. సీడీ95 లేని వాటినే తీసుకోండి.

రక్తం తీసిన గంట, చివరి టీకా తేదీ, ఈ నెలలో వచ్చిన జ్వరం, స్టెరాయిడ్లు, స్టాటిన్లు (కొలెస్ట్రాల్ మందులు), మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) అన్నీ రాసుకోండి. లింఫోసైట్ల (ఒక రకం తెల్లరక్తకణాల) సంఖ్య రోజులో వేళను బట్టి మారుతుంది, అందరికీ ఉదయమే పెట్టుకోవడం మేలు. బలహీనతను ఫ్రైడ్ ప్రమాణాలతో కొలవండి: కారణం లేకుండా బరువు తగ్గడం, అలసట, పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ‘ఫ్రెయిల్’. 80 ఏళ్ల ఆరోగ్యవంతుణ్నీ 70 ఏళ్ల బలహీనుణ్నీ ఒకే గంపలో వేస్తే రెండూ అర్థం కావు.

ఎంత రక్తం తీయవచ్చో ముందే లెక్కేసుకోండి. త్వరిత ఎథిక్స్ సమీక్ష కింద 50 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతుల దగ్గర ఎనిమిది వారాల్లో 550 మిల్లీలీటర్ల వరకు తీయవచ్చు. మిగతా పెద్దవారికి 50 మిల్లీలీటర్లు, లేదా కిలో బరువుకు 3 మిల్లీలీటర్లు, ఏది తక్కువైతే అది. ఒక మిల్లీలీటరు రక్తానికి సుమారు పది లక్షల పీబీఎంసీ కణాలు (లింఫోసైట్లు, మోనోసైట్లు) వస్తాయనుకుంటే, 50 మిల్లీలీటర్ల నుంచి కోటి కణాల వయల్స్ (చిన్న సీసాలు) నాలుగో అయిదో మిగులుతాయి. పెద్ద వయసువారిలో ఇంకా తక్కువ రావచ్చు. ప్రయోగాల జాబితా ఈ సంఖ్యకు తగ్గట్టు రాసుకోండి.

ట్యూబులు గది ఉష్ణోగ్రతలోనే ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టకండి. మన దగ్గర ఎండకు భయపడతాం, ఇక్కడ జనవరిలో క్లినిక్ నుంచి ల్యాబ్‌కి నడిచే పది నిమిషాల్లోనే ట్యూబులు చల్లబడతాయి. గది ఉష్ణోగ్రతలో ఉంచిన జెల్ ప్యాక్‌లతో ఇన్సులేటెడ్ పెట్టె వాడండి. ఎనిమిది గంటల్లోపు కణాలను వేరుచేయాలి. రాత్రంతా ఉంచితే గ్రాన్యులోసైట్లు (మరో రకం తెల్లరక్తకణాలు) సాంద్రత మారి పీబీఎంసీ పొరలోకి వచ్చేస్తాయి. ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీద 400 జీ (గురుత్వానికి 400 రెట్లు), 30 నిమిషాలు, సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆఫ్. పాత ల్యాబ్‌లో రాసుకున్న ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఇక్కడి సెంట్రిఫ్యూజ్‌కి పనికిరాదు, రోటర్ వ్యాసార్థం మారితే జీ మారుతుంది. 10 శాతం డీఎంఎస్ఓతో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రావకం) నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80కి దించి, కొద్ది రోజుల్లో ద్రవ నైట్రోజన్‌కి మార్చండి. మైనస్ 80లో నెలలు వదిలేస్తే కణాలు కరిగించినప్పుడు చచ్చి గుట్టలు కడతాయి. యువకుల నమూనాలు ఒకరోజు, వృద్ధులవి మరోరోజు నడపకండి. ప్రతి బ్యాచ్‌లో ఇద్దరూ ఉండాలి, ఒకే దాత నుంచి దాచిన కంట్రోల్ వయల్ ఒకటి ప్రతిసారీ ఉండాలి.

వలంటీర్లతో మాట్లాడేటప్పుడు ‘ఆంటీ’, ‘అంకుల్’ అనకండి. మిస్టర్, మిస్ చేర్చి ఇంటిపేరుతో పిలవండి, వారే పేరు పెట్టి పిలవమంటే పిలవండి. ఎదురుగా కూర్చుని, గట్టిగా అరవకుండా నిదానంగా చెప్పండి. వినికిడి తగ్గినవారు పెదవులు చూస్తారు. సమ్మతి పత్రం చదివాక ‘మీ మాటల్లో ఒకసారి చెప్పండి’ అని అడగండి. తలూపడం అర్థమైనట్టు కాదు. జ్ఞాపకశక్తి తగ్గినవారి విషయంలో చట్టబద్ధ ప్రతినిధి సంతకం గురించి ప్రోటోకాల్ ఏం చెబుతుందో ముందే చదవండి. చలిలో బస్సెక్కి వచ్చిన పెద్దావిడ రక్తాన్ని మన నిర్లక్ష్యంతో పారబోయడం కన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

ఫెలోషిప్ గడువు

ఎన్ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ) ఇచ్చే ఎఫ్32, టీ32 ఫెలోషిప్‌లు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికే. వాటి మీద సమయం పెట్టకండి. కే99/ఆర్00 గ్రాంటుకు (పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి మారేందుకు ఇచ్చేది) మాత్రం విదేశీయులూ దరఖాస్తు చేయవచ్చు, వృద్ధాప్య పరిశోధనకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ ద్వారా వెళ్లాలి. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు, పీహెచ్‌డీ తర్వాత భారత్‌లో చేసిన పోస్ట్‌డాక్ కాలం కూడా అందులో కలుస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదిన్నర చేసి వచ్చినవారికి మిగిలేది రెండున్నరేళ్లు. రక్త నమూనాలు సేకరించి ప్రాథమిక ఫలితాలు చూపడానికే ఏడాది పోతుంది గనుక, వచ్చిన మొదటి నెలలోనే ప్రొఫెసర్‌తో కూర్చుని దరఖాస్తు తేదీ ఖాయం చేసుకోండి.