పొద్దున్న గిన్నెలో ముడి ధాన్యం – 5వ పాఠం: బ్రాకెట్లు విప్పి చదవడం

ముడి ధాన్యం అంటే తవుడు, మొలక తీసేయని ధాన్యం. ఈ పాఠంలో ఓట్స్ గురించి చెప్తానన్నాను. అది వచ్చేసారికి వాయిదా. నాలుగో పాఠం చదివి మీరు పంపిన, పొద్దున్న తినే సీరియల్ (కార్న్ ఫ్లేక్స్ లాంటివి) డబ్బాల ఫొటోలు చూశాక, ఇక్కడ ఆగకుండా ముందుకెళ్ళడం మంచిది కాదనిపించింది. బరంపురం, గుణుపురం, రాయగడ, ఎక్కడి నుంచి వచ్చినవైనా చాలా ఫొటోల్లో పొరపాటు ఒక్కటే. పాఠం చదివారు, కొట్టుకెళ్ళి డబ్బా వెనక్కి తిప్పారు, అంకెలు పోల్చారు. అంతా చేసి చక్కెర ఎక్కువున్న డబ్బానే ఇంటికి తెచ్చుకున్నారు.

పర్లాకిమిడి నుంచి ఒకావిడ రాశారు: ఒక డబ్బా మీద చక్కెర 9 గ్రాములు, ఇంకోదాని మీద 18 గ్రాములు ఉంటే తొమ్మిదిదే తెచ్చానని, మంచి పనే చేశాను కదా మాస్టారూ అని. కాదమ్మా. ఆ 9 గ్రాములు ‘పర్ సర్వ్’ (ఒక్కసారికి తినే కొలత) గడిలోవి, అంటే 30 గ్రాముల సీరియల్‌లో ఉన్న చక్కెర. రెండో డబ్బా మీది 18 గ్రాములు 100 గ్రాములకి. మొదటిదాన్ని కూడా 100 గ్రాములకి లెక్కేస్తే 30 వస్తుంది. అంటే దాదాపు మూడో వంతు చక్కెరే.

కాబట్టి ‘పర్ 100 గ్రా’ అని ఉన్న గడి తప్ప వేరే గడి చూడకండి. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు మిగతా గడుల్ని వేలితో మూసేయండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

పైగా 30 గ్రాములతో ఎవరి కడుపూ నిండదు. మీ గిన్నెలో ఎంత పడుతోందో తెలుసుకోవడానికి త్రాసు అక్కర్లేదు. 300 గ్రాముల డబ్బా తెరిచిన రోజు నుంచి, గిన్నెలో పోసుకున్న ప్రతిసారీ మూత మీద పెన్నుతో ఒక గీత పెట్టండి. డబ్బా అయిపోయేసరికి అయిదే గీతలుంటే మీ గిన్నె 60 గ్రాములది. పైన చెప్పిన డబ్బాతో ఆ గిన్నె నింపితే 18 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది. మన దేశంలో లేబుళ్ళ మీద శాతాలు వేసేటప్పుడు రోజుకి 50 గ్రాముల అదనపు చక్కెరని హద్దుగా పెట్టుకుంటారు. టీ తాగకముందే అందులో మూడో వంతు దాటిపోయినట్టు.

రంగు చూసి మోసపోయినవాళ్ళకి ఒక్క మాట. గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన తవుడున్నట్టు కాదు. మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం నుంచి తీసేది), క్యారమెల్, కోకో ఏది కలిపినా ఆ రంగు వస్తుంది. ఓట్స్ తెల్లగా ఉన్నా ముడి ధాన్యమే.

ఇక అసలు సంగతి. ‘మల్టీగ్రెయిన్’ అన్న మాట చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది. చాలా ధాన్యాలున్నాయంటుందే గానీ, అవి తవుడుతో ఉన్నాయని ఆ మాట ఎక్కడా చెప్పదు. అయిదు ధాన్యాల్నీ పాలిష్ పట్టి కలిపినా అది మల్టీగ్రెయినే. కొనేవాళ్ళకి మాత్రం ముడి ధాన్యం అన్నట్టే వినిపిస్తుంది.

పదార్థాల జాబితా బరువుని బట్టి ఉంటుందని, ఎక్కువున్నది ముందు వస్తుందని మీకు తెలుసు. మొదటి పదార్థం ధాన్యమైతే చాలని పోయినసారి చాలామంది అనుకున్నారు. ఇప్పుడు ఇలాంటి జాబితా ఒకటి ఉందనుకోండి: ధాన్యాల మిశ్రమం 68% (కార్న్ గ్రిట్స్ 41%, బియ్యప్పిండి 15%, గోధుమపిండి 8%, రాగి పిండి 4%), చక్కెర, కోకో పొడి, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఉప్పు.

ధాన్యమే ముందుంది, అదీ 68 శాతం. ముందువైపు రాగి కంకి బొమ్మ. మనసు కుదుటపడుతుంది. ఇప్పుడు బ్రాకెట్ విప్పండి. కార్న్ గ్రిట్స్ అంటే పొట్టు, మొలక తీసేసిన మొక్కజొన్న రవ్వ. బియ్యప్పిండి సాధారణంగా పాలిష్ బియ్యానిదే. గోధుమపిండికి ముందు ‘హోల్’ లేదు గనక దాన్ని మైదా కిందే లెక్కేస్తాను. మిగిలింది 4 శాతం రాగి. 30 గ్రాముల్లో అది 1.2 గ్రాములు, టీ చెంచాలో సగం కూడా ఉండదు. కంకి బొమ్మ మాత్రం డబ్బా అంతా పరుచుకుంది.

చక్కెర సంగతీ చూడండి. పోషకాల పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ (అదనపు చక్కెర) 100 గ్రాములకి 22 గ్రాములు అని ఉందనుకుందాం. చక్కెర, సిరప్, మాల్ట్ అని మూడు పేర్లతో మూడు చోట్ల చెదిరినదంతా ఆ ఒక్క అంకెలోకి చేరుతుంది. బ్రాకెట్ తీసేసి అన్నీ వరసలో నిలబెడితే 41 రవ్వ, 22 చక్కెర, 15 బియ్యప్పిండి, 8 గోధుమ, 4 రాగి. చక్కెర రెండో స్థానంలో ఉంది, రాగి కన్నా అయిదు రెట్లకి పైగా ఉంది. బ్రాకెట్ ఉన్నంతసేపూ ఈ వరస కనబడలేదు. అందుకే జాబితాని ఉన్నది ఉన్నట్టు చదవొద్దు. బ్రాకెట్ చెరిపేసి, మళ్ళీ పెద్దదాని నుంచి చిన్నదాకా కాగితం మీద రాసుకోండి. ఒక ధాన్యం బొమ్మ గానీ పేరు గానీ ముందువైపు కొట్టొచ్చినట్టు వేస్తే, అదెంత శాతమో వెనక చెప్పాలని నిబంధన ఉంది. ఆ శాతం కోసం వెతకండి.

పీచు 6 గ్రాములు దాటితే సరిపోతుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. 100 గ్రాముల్లో 6 ఉంటే ‘హై ఫైబర్’ అని వేసుకోవచ్చు. కానీ మైదాలో విడిగా తవుడో, ఇనులిన్ అనే పీచు పొడో కలిపినా ఆ అంకె వస్తుంది, మొలక మాత్రం తిరిగి రాదు. నేను వాడే లెక్క ఇది: 100 గ్రాముల్లో ఉన్న కార్బోహైడ్రేట్‌ని పీచుతో భాగించండి. 10 లేదా అంతకన్నా తక్కువ రావాలి. మామూలు కార్న్ ఫ్లేక్స్‌లో కార్బోహైడ్రేట్ 84, పీచు 3 దాకా ఉంటాయి, అంటే 28. ఓట్స్‌కి 7 లోపు. చోడికి, అంటే రాగికి, సుమారు 6. భాగహారంలో నెగ్గినా జాబితాలో మొదట ముడి ధాన్యం లేకపోతే డబ్బా అక్కడే పెట్టేయండి.

చోడి అన్నాను కాబట్టి చెప్తున్నాను, డబ్బాల గొడవంతా లేకుండా నేను ఇష్టపడేది అదే. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాలు చిరుధాన్యాలు పండే నేల. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో ఈ నాలుగూ ఉన్నాయి. సంతలో మాండియా (చోడికి ఒడియా పేరు) అని అడిగితే గింజలే కొలిచి ఇస్తారు. 100 గ్రాముల్లో 11 గ్రాముల పీచు, 360 మిల్లీగ్రాముల పైన కాల్షియం. అదనపు చక్కెర సున్నా. రాత్రి పిండి కలిపి పులియబెట్టి, పొద్దున్న కాచి, మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుంటే ఏ డబ్బా దాని దగ్గరకి రాదని నా నమ్మకం. పిల్లలు తాగకపోతే గోధుమ దలియా వండండి.

మిల్లులో మాత్రం దగ్గరుండండి. పిండి మెత్తగా, తెల్లగా రావాలని సన్న జల్లెడ పట్టేస్తారు. జల్లెడలో మిగిలిన ఎర్ర పొట్టులోనే పీచు, కాల్షియం ఎక్కువ. జల్లించొద్దని ముందే చెప్పండి. ప్యాకెట్ పిండి మరీ తెల్లగా ఉంటే వద్దు. ‘రాగి మాల్ట్’ పేరుతో అమ్మే పొడుల జాబితా కూడా చదవండి, కొన్నిటిలో చక్కెరే మొదటుంటుంది.

ఇక అభ్యాసం. ఈసారి కాస్త పని ఎక్కువే. కొట్టులో అయిదు డబ్బాలు తీసుకోండి, వాటిలో రెండిటి మీదైనా ‘మల్టీగ్రెయిన్’ అని ఉండాలి. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, చదవడం కష్టమైతే బడికెళ్ళే పిల్లల్ని తోడు తీసుకెళ్ళండి. ఒక్కోదాని పదార్థాల జాబితా చేత్తో రాసుకోండి. ఫొటో తీస్తే బ్రాకెట్ మీద నుంచి కళ్ళు జారిపోతాయి, అందుకే రాయమంటున్నాను. ఇంటికొచ్చి బ్రాకెట్లు విప్పి వరస మార్చండి. ‘పర్ 100 గ్రా’ గడిలోంచి కార్బోహైడ్రేట్, పీచు, యాడెడ్ షుగర్స్ ఎక్కించి భాగహారం చేయండి. శాతాలు వేయని పదార్థం పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, ఊహించి నింపొద్దు. ఆరో కాగితం మీద సంతలో కొన్న మాండియా ధర, దాన్ని పట్టించిన కూలీ రాసి, కిలోకి ఎంత పడిందో ఆ అయిదు డబ్బాల కిలో ధర పక్కన వేయండి. ఆరు కాగితాలూ కలిపే పంపండి. ఓట్స్ పాఠంలో మొదటి లెక్కలు వాటిలోంచే తీసుకుంటాను.