చింతపండు పిప్పి పారేయకండి: విదేశాల నుంచి నెల్లూరు, ఒంగోలు చేరినవారికి

కువైట్‌లో పదకొండేళ్లు ఉండి నెల్లూరు తిరిగి వచ్చినప్పుడు, మా మొదటి నెల సరుకుల చీటీలో సగం సీసాలే. నేలకు ఒకటి, గిన్నెలకు ఒకటి, అద్దాలకు ఒకటి, కుళాయిల మీద తెల్లటి పొరకు ఇంకొకటి. అత్తమ్మ ఆ చీటీ చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నం చేపల పులుసుకు చింతపండు పిసికి, పిప్పిని పారేయకుండా ఒక కొబ్బరి చిప్పలో పెట్టారు. చేపలు కడిగిన గిన్నె, కత్తిపీట, తన చేతులు దానితోనే తోముకున్నారు. నీచు వాసన పోయింది. ఆ వాసన తెచ్చే పదార్థాలకు క్షార గుణం ఉంటుంది, పులుపు తగిలితే వాటి ఘాటు చచ్చిపోతుంది. అంతకాలం నేను దాని కోసం నిమ్మవాసన కలిపిన సబ్బుకు దినార్లు పోశాను.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు, ముందు ఏమి కొనాలని నన్ను అడుగుతుంటారు. కొనడం తర్వాత చూద్దాం. మీ ఇంటికి ఏ నీళ్లు వస్తున్నాయి, మీ కాళ్ల కింద ఏ రాయి ఉంది, ముందు ఈ రెండూ తెలుసుకోండి. ఇవి తెలియకుండా ఎవరి చిట్కా పాటించినా నష్టమే.

నెల్లూరులో పెన్న నీళ్లు, ఒంగోలులో సాగర్ కాలువ నీళ్లు కుళాయికి వస్తాయి నిజమే. కానీ అపార్టుమెంట్లలో ఎక్కువ పనులు బోరు నీళ్లతోనే జరుగుతాయి. బోరు నీళ్లలో సున్నం శాతం ఎక్కువగా ఉంటే సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున విరిగిన పాలలా తెట్టు కడుతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు, గట్టి నీళ్లలోనూ నురగనిస్తుంది. మన పెద్దవాళ్లు తలకే కాదు, బట్టలకూ నగలకూ దాన్ని వాడటంలో అర్థం ఉంది. ఇక కనిగిరి వైపు ఇల్లు తీసుకున్నవారికి ఒక మాట. అక్కడి భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. దానికి ఏ ఆకూ, ఏ తొక్కా పనికిరాదు. కాచినా పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వండడానికీ శుద్ధి చేసిన నీళ్లు కొనుక్కోండి. పొదుపు అక్కడ చూపించకూడదు.

రాయి సంగతికి వస్తే, వంటగట్టు మీద నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే అది బహుశా చీమకుర్తి గ్రానైటు. నిమ్మచెక్కతో రుద్ది వెంటనే కడిగేస్తే దానికేమీ కాదు. కడప బండలకూ పాలరాతికీ మాత్రం పులుపు పడదు. రెండూ సున్నపు జాతివే, నిమ్మరసం పడితే పైపొర తినేస్తుంది. ఈ పాఠం నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. కడప బండ మీద నూనె మరక పోవాలని రాత్రంతా నిమ్మచెక్కలు బోర్లించి పెట్టాను. నూనె మరక పోయి, గుండ్రటి తెల్ల మచ్చలు మిగిలాయి. ఆ చోట ఇప్పుడు బియ్యం డబ్బా పెట్టుకున్నాం.

నిమ్మకాయకు మనకు లోటు లేదు. పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి లారీలకు లారీలు బయటికి పోతాయి. అయినా ఎండాకాలంలో ధర చెట్టెక్కుతుంది కాబట్టి శుభ్రం చేయడానికి కాయలు కొనకండి. సోడా బండి దగ్గర పిండేసిన చెక్కలు గుట్టగా పడి ఉంటాయి, సంచి తీసుకెళ్లి అడగండి. మొదటిసారి బండి అతను వింతగా చూస్తాడు, మూడోసారికి తానే పక్కన పెడతాడు. ఆ చెక్కలను రాళ్ల ఉప్పులో అద్ది స్టీలు సింకు, ఇత్తడి బిందె, రాగి చెంబు తోముకోవచ్చు. ఇత్తడిని వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది.

మిగిలిన చెక్కలతో బయో ఎంజైమ్, అంటే తొక్కలు పులియబెట్టి తీసే శుభ్రం చేసే నీళ్లు, చేసుకోవచ్చు. తూకంలో ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు. ప్లాస్టిక్ డబ్బాలో కొంత ఖాళీ ఉంచి, మూడు నెలలు పులియనివ్వాలి. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి తీసేయాలి. గాజు సీసా వద్దు. రోహిణీ కార్తెలో రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మా డబ్బా మూత అటక మీద ఉంది, బెల్లపు పాకం గోడ మీద ఉంది, చీమలు అన్ని చోట్లా ఉన్నాయి. వడకట్టిన నీటిని బాగా పలచన చేసి టైల్స్ తుడవండి. ఇదీ పులుపే, కడప బండల జోలికి తీసుకుపోకండి.

వెంకటగిరి చీరల మీద ఇవేవీ వద్దు. పది, పన్నెండు కుంకుడు కాయలు కొట్టి గింజలు తీసి, రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి. ఆ నీళ్లలో చీర ముంచి తీస్తే జరీ మెరుపు పోదు. ఆపైన పలచటి గంజి చాలు. రసం మన ఎండలకు రెండో రోజే పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. కాయలు నెల్లూరు చిన్నబజారు అంగళ్లలో దొరుకుతాయి. పొదుపు సంఘాల వాళ్లు అమ్మే కుంకుడు పొడి కనిపిస్తే అదే తీసుకోండి. 1990ల మొదట్లో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం వెంట, రోజుకు ఒక రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ ఈ జిల్లాలోనే మొదలైంది. అలాంటి జిల్లాలో ఉంటూ పొదుపు గురించి పాఠాలు చెప్పడం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

వంటసోడాలో వెనిగర్ పోసి పొంగు చూపించే వీడియోలను నమ్మకండి. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీరే. విడివిడిగా వాడితే రెండూ మంచివి. బ్లీచింగ్ పౌడరుతో మాత్రం ఆటలు వద్దు. అది చల్లిన చోట నిమ్మరసం గానీ, వెనిగర్ గానీ, బాత్‌రూమ్ యాసిడ్ గానీ పడితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మాడిన గిన్నెలకు ఊక బూడిదను మించినది లేదు. బియ్యం మిల్లుల ఊరు కాబట్టి తేలిగ్గానే దొరుకుతుంది. తడిపి వాడండి, పొడిగా ఉంటే ముక్కులోకి పోతుంది. దానిలోని సిలికా గరుకు, గీతలు పెడుతుంది. విదేశాల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న నాన్‌స్టిక్ పెనం ఉంటే పనిమనిషికి ముందే చెప్పి ఉంచండి. మాది మొదటి వారం దాటలేదు.